లూవ్ర్ మ్యూజియంకి అర పూట సరిపోతుందా? అసలు లోపలికి వెళ్ళాలా వద్దా?

నల్లకుంట_నాని:
జూన్‌లో అమ్మని తీసుకుని ఫ్రాన్స్ వెళ్తున్నా. మా పిన్ని కూతురు లియోన్‌లో ఉంటుంది, దాని దగ్గరికి వెళ్ళే ముందు ప్యారిస్‌లో ఆగుతాం. లూవ్ర్‌కి అర పూట పెట్టుకున్నా. ఇప్పుడు డౌట్ ఏంటంటే ఆఫీసులో వెళ్ళొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట, మోనాలిసా ముందు తోపులాట తప్ప ఏం లేదు, బయట గాజు పిరమిడ్ దగ్గర ఫోటో దిగి వచ్చేయ్ అని. టికెట్ చూస్తే 32 యూరోలు, మన డబ్బుల్లో మనిషికి మూడు వేల పైనే. అమ్మకి మ్యూజియాలంటే ఇష్టమే, చుట్టాలెవరొచ్చినా సాలార్‌జంగ్‌కి తనే తీసుకెళ్తుంది, కానీ మోకాళ్ళ నొప్పులు. చూసిన వాళ్ళు చెప్పండి, వెళ్తే ఏం చూడాలి?

సీతాఫల్‌మండి:
పోకు తమ్మీ. నేను పోయొచ్చిన. మోనాలిసా బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, గంతే. దాని ముందల అద్దం, అద్దం ముందల కటాంజనం, దాని ముందల ఫోన్లు పైకెత్తిన జనం. మన సాలార్‌జంగ్‌ల మ్యూజికల్ క్లాక్ దగ్గర పన్నెండు కొట్టేటప్పుడు ఎట్లుంటదో గట్లనే, కాకపోతే ఆడ గంట గంటకు కాదు పొద్దంతా గదే. గా 32 యూరోలు పెడితే అమ్మ మంచిగ బోట్ ఎక్కుతది, నదిల తిరుగుతది.

కోడ్_కూలీ:
+1. పిరమిడ్ ఫోటో చాలు. లోపల ఏముందో ఫోన్‌లో హెచ్‌డీలో కనిపిస్తుంది, అదీ కూర్చుని.

బెజవాడక్క:
నానీ, వీళ్ళ మాట వినకు. మా ఆయన ఉద్యోగం వల్ల మేం ప్యారిస్‌లో ఉండొచ్చాం, ఇప్పుడు కూకట్‌పల్లి. ఇండియా నుంచి ఎవరొచ్చినా లూవ్ర్‌కి నేనే గైడుని. అందరూ చేసేది ఒకటే అండి, లోపలికి వెళ్ళగానే మోనాలిసా బొమ్మ ఉన్న బాణం గుర్తులు పట్టుకుని దేనోన్ అనే వింగు వైపు పరుగు, అక్కడ నలిగిపోయి బయటికొచ్చి ఏం లేదు అంటారు. అదసలు మ్యూజియం అని కట్టింది కాదు, రాజుల ఇల్లు. ఇల్లు చూడ్డానికి వెళ్తున్నా అనుకుని వెళ్ళండి, వస్తువులు వాటంతట అవే కనిపిస్తాయి. వివరంగా రాత్రికి రాస్తాను, పిల్లల ట్యూషన్ టైమ్ ఇది.

నల్లకుంట_నాని:
థాంక్స్ అక్కా, వెయిటింగ్. రాజుల ఇల్లు అంటే వెర్సాయ్ కదా?

రిటైర్డ్_హిస్టరీ:
వెర్సాయ్ తర్వాత వచ్చిందండీ. లూవ్ర్ మొదట కోట. 1190 ప్రాంతంలో ఫిలిప్ ఆగస్టస్ అనే రాజు క్రూసేడ్ అనే మతయుద్ధానికి వెళ్తూ ప్యారిస్ చుట్టూ గోడ కట్టించాడు, పడమటి వైపు నార్మండీ అప్పట్లో ఇంగ్లండ్ రాజు చేతిలో ఉంది, అటు నుంచి దాడి వస్తుందన్న భయంతో గోడ బయట ఈ కోట లేపాడు. మధ్యలో పెద్ద బురుజు, చుట్టూ కందకం. 14వ శతాబ్దంలో ఐదో చార్లెస్ దాన్ని కాపురం ఉండే ఇల్లుగా మార్చాడు. 16వ శతాబ్దంలో మొదటి ఫ్రాన్సిస్ ముందు ఆ పెద్ద బురుజు కూలగొట్టించి, 1546లో పియర్ లెస్కో అనే వాస్తుశిల్పికి కొత్త ప్యాలెస్ పని అప్పజెప్పాడు. లియొనార్డోని ఫ్రాన్స్‌కి పిలిపించుకుంది కూడా ఈయనే, మోనాలిసా ఫ్రెంచి రాజుల ఆస్తిలోకి వచ్చింది ఆ దారిలోనే. అంటే ఆ బొమ్మ ఆ ఇంటికి బయటి నుంచి తెచ్చి పెట్టిన ఎగ్జిబిట్ కాదు, ఇంటి యజమాని సామానే.

మన లెక్కలో చెప్పాలంటే 1591లో ఇక్కడ చార్మినార్. 1595లో అక్కడ నాలుగో హెన్రీ సేన్ నది ఒడ్డున గ్రాండ్ గ్యాలరీ మొదలుపెట్టాడు, లూవ్ర్ నుంచి త్వీలరీ అనే ఇంకో ప్యాలెస్ దాకా నడిచి వెళ్ళడానికి ఒక వసారా అన్నమాట, పొడవు 400 మీటర్ల పైనే. కులీ కుతుబ్‌షా, ఆయన ఒకే కాలం వాళ్ళు.

కోడ్_కూలీ:
అత్తగారింటికి వర్షంలో తడవకుండా వెళ్ళడానికి 400 మీటర్ల కారిడార్. రెస్పెక్ట్.

రిటైర్డ్_హిస్టరీ:
అత్తగారిల్లే దాదాపు. త్వీలరీ కట్టించింది కేథరిన్ ద మెదిచి, హెన్రీ మొదటి భార్య ఆవిడ కూతురు. ఇంకో విశేషం, ఆ గ్యాలరీ కింది అంతస్తుల్లో చిత్రకారులకీ శిల్పులకీ గడియారాలు చేసేవాళ్ళకీ ఆయన 1608లో ఇళ్ళూ వర్క్‌షాపులూ ఇచ్చాడు. ఇంచుమించు రెండు వందల ఏళ్ళు వాళ్ళు అక్కడే కాపురాలు చేశారు. 1682లో పద్నాలుగో లూయీ దర్బారుని వెర్సాయ్‌కి మార్చేసుకున్నాక ఇల్లు దాదాపు వీళ్ళదే. 1725 నుంచి చిత్రకారుల అకాడమీ వాళ్ళు అక్కడి సలోన్ కారే అనే గదిలో ఎగ్జిబిషన్లు పెట్టడం మొదలుపెట్టారు, చిత్ర ప్రదర్శనని సలోన్ అని పిలవడం ఆ గది పేరు మీద వచ్చిందే. ఫ్రెంచి విప్లవం వచ్చి రాజభవనాన్ని మ్యూజియం చేసింది అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు గానీ ఆ ఇల్లు అంతకు వందేళ్ళ ముందే చిత్రకారుల వాడ అయిపోయింది. చివరికి వాళ్ళని 1806లో ఖాళీ చేయించింది నెపోలియన్.

సీతాఫల్‌మండి:
మాష్టారూ మస్తు చెప్పిన్రు గనీ, గదంత పుస్తకంల చదివితే సాలు గదా. ఆడికి పోతె ఏం కనబడ్తది?

బెజవాడక్క:
కనబడుతుంది కాబట్టే చెప్తున్నా. ఇప్పుడు రాస్తా, కాస్త పొడుగ్గా ఉంటుంది.

మూడు వింగులు ఉంటాయి, రిషెల్యూ, సుల్లీ, దేనోన్. జనమంతా దేనోన్‌లో. అందుకని మీరు పిరమిడ్ కిందికి దిగగానే రిషెల్యూ వైపు తిరగండి. అక్కడ మొదటి అంతస్తులో మూడో నెపోలియన్ అపార్ట్‌మెంట్స్ ఉంటాయి, ఎర్ర వెల్వెట్టూ బంగారు పూతా షాండ్లియర్లూ, మన చౌమహల్లా చూసిన కళ్ళకి కూడా కాస్త ఎక్కువే అనిపిస్తుంది. తమాషా ఏంటంటే 1989 దాకా ఆ వింగంతా ఫ్రాన్స్ ఆర్థిక శాఖ ఆఫీసు అండి! ఆ షాండ్లియర్ల పక్కన ఫైళ్ళు కదిలేవి. వాళ్ళని బయటికి పంపించి 1993లో మ్యూజియంకి కలిపారు. కింద ఖోర్సాబాద్ హాలు ఉంటుంది, అస్సీరియా రాజు సర్గోన్ కోట గుమ్మానికి కాపలా ఉన్న రెక్కల ఎద్దులు, మనిషి తల, నాలుగు మీటర్ల పైన ఎత్తు. అవి పక్క నుంచి చూస్తే నడుస్తున్నట్టు, ఎదురుగా చూస్తే నిలబడ్డట్టు ఉంటాయి, దానికోసం శిల్పి ఐదు కాళ్ళు పెట్టాడు, అమ్మగారిని లెక్కపెట్టమనండి. పక్కనే బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాల శాసనం, నల్లరాయి, రెండుంబావు మీటర్ల స్తంభం.

తర్వాత సుల్లీ. నేల కిందికి దిగితే మాష్టారు చెప్పిన ఆ ఫిలిప్ కోట కందకం అలాగే ఉంది, ఎనిమిది వందల ఏళ్ళ నాటి రాళ్ళు, మీరు కందకం లోపల నడుస్తారు. రాళ్ళ మీద అప్పటి మేస్త్రీలు చెక్కుకున్న గుర్తులు కనిపిస్తాయి, గుండె ఆకారాలూ అవీ. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడి నుంచి కదలరు. పైకొస్తే కారియాటిడ్స్ హాలు, రాజుగారి డాన్స్ హాలు అది, 1658లో మోలియేర్ అనే ఫ్రెంచి నాటక రచయిత నాటకం వేసింది పద్నాలుగో లూయీ ముందు ఇక్కడే. అక్కడికి దగ్గర్లోనే వీనస్ దేవత విగ్రహం. ఇది 1820లో గ్రీసు ద్వీపం మీలోస్‌లో దొరికింది.

ఆఖర్న ఓపికుంటే దేనోన్. రెక్కల విజయదేవత మెట్ల పైన ఉంటుంది, తల లేదు చేతుల్లేవు, అయినా గాలి కొడుతున్నట్టే ఉంటుంది చీర, అదే, ఆ బట్ట. నా మట్టుకు నాకు మొత్తం మ్యూజియంలో అది ఒక్కటి చాలు. మోనాలిసా గదిలోకి వెళ్తే ఒక పని చేయండి, మోనాలిసాకి వీపు పెట్టి ఎదురు గోడ చూడండి. వెరోనీస్ వేసిన కానా పెళ్ళి విందు, దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలో అన్నిటికంటే పెద్ద చిత్రం, దాని ముందు ఎవరూ ఉండరు.

నల్లకుంట_నాని:
అక్కా ఇది చాలు అసలు, ప్రింట్ తీసుకుంటా. ఐదు కాళ్ళ ఎద్దు అమ్మకి చెప్తే ఇప్పటి నుంచే ఎక్సైట్ అయిపోయింది.

పల్నాటి_పులి:
మాకు సంబంధించిన ముక్క ఎవరూ చెప్పలేదేంటి? లూవ్ర్‌లో అపోలో గ్యాలరీ అని ఉంది, అందులో రీజెంట్ వజ్రం ఉంటది, 140 క్యారెట్ల పైన. అది ఎక్కడిదనుకుంటన్నారు, కొల్లూరు గనిది! కృష్ణ ఒడ్డున, మా పల్నాడు. గోల్కొండ వజ్రం గోల్కొండ వజ్రం అని మీ హైదరాబాదోళ్ళు పేరు కొట్టేశారు గానీ గోల్కొండలో గని ఎక్కడుంది సామీ, అక్కడ అమ్మకం, ఇక్కడ తవ్వకం. తవ్వినప్పుడు 410 క్యారెట్ల రాయి. మద్రాసులో ఇంగ్లీషోళ్ళ గవర్నరు థామస్ పిట్ కొనుక్కుని లండన్ పంపించి కోయించాడు, 1717లో ఫ్రాన్స్‌కి అమ్మాడు, అప్పుడు రాజు పదిహేనో లూయీ చిన్నపిల్లోడు కాబట్టి రాజ్యం చూసే రీజెంట్ కొన్నాడు, అందుకా పేరు. పిట్ మనవడు, ముని మనవడు ఇద్దరూ ఇంగ్లండ్ ప్రధానులయ్యారు. మా రాయి అమ్మిన డబ్బు ఎంత దూరం పోయిందో చూడండి. తర్వాత అది లూయీ కిరీటంలో, నెపోలియన్ కత్తి పిడిలో. మా కొల్లూరు మాత్రం పులిచింతల నీళ్ళ కింద.

కోడ్_కూలీ:
అన్నా 2025లో దొంగతనం జరిగింది ఆ గ్యాలరీలోనే కదా? మీ వజ్రం సేఫేనా?

పల్నాటి_పులి:
సేఫ్. అక్టోబర్ 19, ఆదివారం పొద్దున్నే, మ్యూజియం తెరిచాకే. సామాను పైకెక్కించే నిచ్చెన ఉన్న ట్రక్కు వేసుకుని నది వైపు బాల్కనీకి ఎక్కారు, పనివాళ్ళలా పచ్చ జాకెట్లు, అద్దాలు కట్టర్‌తో కోసి ఎనిమిది నగలు పట్టుకుని స్కూటర్ల మీద పోయారు, అంతా ఎనిమిది నిమిషాల లోపే. విలువ 88 మిలియన్ యూరోలన్నారు. యూజెనీ రాణి కిరీటం పోతా పోతా కింద పడేశారు, వంకరపోయి దొరికింది. రీజెంట్‌ని ముట్టుకోలేదు. టీవీలో చూస్తా నేను అడిగింది అదొక్కటే, మన రాయి ఉందా పోయిందా అని.

పాతబస్తీ_పోరడు:
ఎనిమిది నిమిషాలు ఏం లెక్క భాయ్. మా పురానీ హవేలీల నిజాం మ్యూజియం కేసు మర్శిపోయిన్రా? 2018 సెప్టెంబర్. వెంటిలేటర్‌లకెళ్ళి తాడు కట్టి దిగి నిజాం బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా లేపుకపోయిన్రు. దానికి వజ్రాలు కెంపులు పచ్చలు పొదిగి ఉంటయి. ముంబైల ఫైవ్ స్టార్ హోటల్‌ల ఉండి ఒకడు దాంట్లనే తిన్నడంట. నిజాం అయినా గా డబ్బాల తిన్నడో లేదో కనీ ఈడు తిన్నడు. వారంల పోలీసోళ్ళు మాలుతో సహా పట్కచ్చిన్రు.

కోడ్_కూలీ:
ప్యారిస్ పోలీసులకి మన సిటీ పోలీస్ ఒక వర్క్‌షాప్ పెట్టాలి.

బెజవాడక్క:
నానీ, ఆ దొంగతనం అయ్యాక అపోలో గ్యాలరీ మూసేసి కొన్ని నగలు బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్‌కి తరలించారు. రీజెంట్ చూడాలనుకుంటే వెళ్ళే ముందు వాళ్ళ సైట్‌లో ఏ గదులు తెరిచి ఉంటాయో చూసుకో, గదుల వారీగా షెడ్యూల్ పెడతారు. వజ్రం లేకపోయినా ఆ గ్యాలరీ తెరిచి ఉంటే వెళ్ళాలి, పైకప్పు చూడ్డానికే.

సీతాఫల్‌మండి:
అంటే మొత్తం దోపిడి సొమ్మేనన్నట్టు. కొల్లూరు రాయి మనది, హమ్మురాబి ఇరాక్ ఓళ్ళది, వీనస్ గ్రీసుది. దొంగలింట్ల దొంగలు పడ్డరు. మన సాలార్‌జంగ్ ఒక్కటి గూడ గుంజుకచ్చింది కాదు, పైసలు పెట్టి కొన్నడు.

రిటైర్డ్_హిస్టరీ:
రాయి అమ్ముడుపోయింది, దోపిడి అనలేం, అది ఎవరి చేతుల్లో ఎలా నలిగింది అన్నది వేరే కథ. నిజంగా ఎత్తుకొచ్చింది బెజవాడక్కగారు చెప్పిన కానా విందు చిత్రం. 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్‌లోని సాన్ జార్జియో మజ్జోరే మఠం భోజనశాల గోడ నుంచి ముక్కలుగా కోసి పట్టుకొచ్చింది. 1815లో ఆయన ఓడిపోయాక ఎత్తుకొచ్చిన వాటిలో చాలా తిరిగి ఇచ్చేశారు, ఇది మరీ పెద్దది, రవాణాలో పాడవుతుందన్న సాకుతో ఉంచేసుకున్నారు. 2007లో అసలు కొలతలతో నకలు చేసి వెనిస్ గోడకి పెట్టారు. హమ్మురాబి శాసనం సంగతి ఇంకా తమాషా. అది బాబిలోన్ ప్రాంతానిది, క్రీస్తుకు పూర్వం 12వ శతాబ్దంలో ఎలామ్ వాళ్ళు యుద్ధంలో గెలిచి సూసాకి, అంటే ఇప్పటి ఇరాన్‌కి, మోసుకుపోయారు. 1901లో ఫ్రెంచి వాళ్ళు సూసాలో తవ్వి పట్టుకొచ్చారు. ఇరాక్‌కి ఇవ్వాలా ఇరాన్‌కి ఇవ్వాలా చెప్పండి.

సీతాఫల్‌మండి:
ఎవలికిచ్చినా పారిస్‌ల ఉండే పని లేదు గదా మాష్టారూ.

రిటైర్డ్_హిస్టరీ:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, న్యాయమే.

పాతబస్తీ_పోరడు:
సాలార్‌జంగ్ కొన్నడు అంటె కొన్నడు, కనీ పైసలు ఏడికెళ్ళి ఒచ్చినయ్? జాగీరు రైతుల కాడికెళ్ళి. మూడో సాలార్‌జంగ్ 1912ల నిజాంకు దివాన్ అయ్యిండు, రెండేండ్లకే వదిలిండు, పెండ్లి చేసుకోలె, బతికినన్ని రోజులు కొనుడే కొనుడు. మొత్తం ఆయనే కొన్నడు గూడ కాదు. ముసుగు రెబెక్కా బొమ్మ 1876ల రోమ్‌ల కొన్నది మొదటి సాలార్‌జంగ్, వీళ్ళ తాత. నేను తక్కువ చేస్తలేను, మా ఇంటి పక్కన మ్యూజియం అది, మా గర్వం. కనీ ఒకళ్ళు తుపాకి పెట్టి తెచ్చిన్రు, ఒకళ్ళు శిస్తు పెట్టి తెచ్చిన్రు, గంతే ఫరక్.

కోడ్_కూలీ:
ఈ పోస్ట్‌కి లైక్ బటన్ ఒకటే ఉందేంటి.

మోడరేటర్:
చర్చ బాగుంది, ఇక్కడి దాకా అందరూ మర్యాదగానే ఉన్నారు. తొలగించిన రెండు పోస్టులు నిజాం పాలన మీద తిట్లు, వాటికి వేరే విభాగం ఉంది.

నల్లకుంట_నాని:
టికెట్ రేటు గురించి ఎవరూ చెప్పలేదు. యూరప్ వాళ్ళకి 22, మనకి 32 అంట. ఇది వివక్ష కదా?

బెజవాడక్క:
2026 జనవరి నుంచి అలా పెట్టారు. యూరోపియన్ ఎకనామిక్ ఏరియా బయటి దేశాల వాళ్ళందరికీ 32. 18 లోపు పిల్లలకి ఎవరికైనా ఫ్రీ.

సీతాఫల్‌మండి:
జూసినవా, గదే చెప్తున్న.

కోడ్_కూలీ:
బాస్, గోల్కొండలో టికెట్ కౌంటర్ దగ్గర ఎప్పుడైనా బోర్డు చదివారా? విదేశీయులకి మనకంటే పది రెట్లు పైన. తాజ్‌మహల్ మనకి 50, వాళ్ళకి 1100. మన లెక్కలో లూవ్ర్ వాళ్ళు ఇంకా మొహమాటపడుతున్నారు.

నల్లకుంట_నాని:
😂 ఓకే, రేటు విషయం వదిలేస్తున్నా.

పాతబస్తీ_పోరడు:
ఇల్లు చూడాలె అని అక్క చెప్పిన ముచ్చట నాకు గుండెకు తగిలింది. ఎందుకంటె మన దగ్గర ఉల్టా అయ్యింది. చానా మందికి ఇప్పుడు మూసీ ఒడ్డున ఉన్న బిల్డింగే సాలార్‌జంగ్ ప్యాలెస్ అనుకుంటరు. కాదు. అది మ్యూజియం కోసమే కట్టింది, 1968ల సామాన్లు అండ్లకు మార్చిన్రు. అసలు ఇల్లు దివాన్ దేవ్‌డి, మదీనా దగ్గర. 1949ల మూడో సాలార్‌జంగ్ పోయినంక వారసులు లేరు, 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఒచ్చి మ్యూజియం ఓపెన్ చేసింది గా ఇంట్లనే. ఐనాఖానా ఉండె, మొత్తం అద్దాల హాలు. చీనీఖానా ఉండె, గోడలకు పింగాణి. మా తాత చెప్తుండె, సాలార్‌జంగ్ కూసున్న కుర్చీ సాలార్‌జంగ్ గదిలనే చూసినం అని. 1961ల పార్లమెంటు చట్టం చేసి సామాన్లను జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థ చేసింది. ఇంటికి ఏ చట్టం లేదు. సామాన్లు పోయినంక ఇల్లు పోయింది. ఇప్పుడు గేటు ఉంటది, లోపల మొత్తం బట్టల హోల్‌సేల్ దుకాండ్లు.

బెజవాడక్క:
ఇది నాకు తెలియదండీ నిజంగా. ఎన్నిసార్లు మదీనాలో పరదాల గుడ్డకోసం తిరిగానో, ఆ గేటు కిందనే వెళ్ళుంటాను.

రిటైర్డ్_హిస్టరీ:
ప్యారిస్ వాళ్ళూ పోగొట్టుకున్నారు, అది కూడా చెప్పుకోవాలి. ఆ 400 మీటర్ల వసారా చివరన ఉన్న త్వీలరీ ప్యాలెస్‌ని 1871లో ప్యారిస్ కమ్యూన్ అనే జనం తిరుగుబాటులో తగలబెట్టారు. గోడలు నిలబడే ఉన్నాయి, బాగుచేయొచ్చన్నారు, పన్నెండేళ్ళు వాదించుకుని 1883లో కూల్చేశారు. ఇప్పుడు పిరమిడ్ దగ్గర నిలబడితే పడమటి వైపు తోట దాకా ఖాళీగా కనిపించేది ఆ ప్యాలెస్ జాగానే. లూవ్ర్ మిగలడానికి ఒక కారణం అది అప్పటికే మ్యూజియం అయి ఉండటం. 1793 ఆగస్టు 10న తెరిచారు, రాజరికం కూలిన మొదటి వార్షికోత్సవం నాడు, 537 చిత్రాలతో. విప్లవం వాళ్ళు వారానికి పది రోజులు పెట్టుకున్నారు కదా, అందులో మూడు రోజులు జనానికి ఉచిత ప్రవేశం. నిన్నటి దాకా రాజు తిరిగిన గదిలో ఈరోజు చెప్పులు కుట్టేవాడు తిరుగుతున్నాడు అంటే ఆ ఇల్లు కూల్చాలనే కోపం ఎవరికి ఉంటుంది, అది వాడిది అయిపోయింది.

పాతబస్తీ_పోరడు:
మాష్టారూ, 1951ల దివాన్ దేవ్‌డిల గూడ అంతే గదా, మామూలు జనం తిరిగిన్రు. అయినా పోయింది.

రిటైర్డ్_హిస్టరీ:
అవును. 1951 నుంచి 1968 దాకా పదిహేడేళ్ళే. అలవాటు కావడానికి సరిపోలేదేమో. పైగా భూమి విలువ అంటూ ఒకటుంది, పత్తర్‌గట్టీలో గజం ధర ముందు చరిత్ర ఎంతసేపు నిలబడుతుంది.

కోడ్_కూలీ:
ఇంకోటి, మనకి ప్యాలెస్ అంటే రెండే దారులు. ఒకటి ఫలక్‌నుమా, 2010 నుంచి హోటల్, గేటు దాటాలంటే బుకింగ్ ఉండాలి. రెండోది చౌమహల్లా, అది మాత్రం బాగా చేశారు, టికెట్ కొని ఎవరైనా వెళ్ళొచ్చు, యునెస్కో అవార్డు కూడా వచ్చింది. మిగతావి ఫంక్షన్ హాళ్ళు.

సీతాఫల్‌మండి:
చౌమహల్లాల గూడ పెండ్లిళ్ళు అయితున్నయ్ లే.

పల్నాటి_పులి:
ఆ గాజు పిరమిడ్ సంగతేంది, రాజుల కోట మధ్యలో గాజు డబ్బా పెడితే ఊరుకున్నారా?

బెజవాడక్క:
ఊరుకోలేదు. మిత్తెరాన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు చైనాలో పుట్టిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పేకి అప్పజెప్పాడు, పోటీ పెట్టకుండా నేరుగా. పేపర్లలో తిట్టిపోశారు. 1989లో తెరిచాక నెమ్మదిగా సర్దుకున్నారు, ఇప్పుడు దాని ఫోటో లేకుండా ప్యారిస్ పోస్ట్‌కార్డు ఉండదు. 666 గాజు పలకలని ఒక పుకారు తిరుగుతుంది, 673. ఎత్తు 21 మీటర్ల పైన. పే ఆలోచన మంచిదే, మూడు వింగులకి మూడు తలుపులుండి జనం దారి తప్పేవారు, అందరినీ నేల కింద ఒక హాల్లోకి దింపి అక్కడ్నుంచి పంచాడు. కాకపోతే ఏడాదికి 40 లక్షల మందిని ఊహించి కట్టిన చోటుకి 2024లో 87 లక్షల మంది వచ్చారు. ఎండాకాలం ఆ గాజు కింద ఉడుకుతుంది, చప్పుడు చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో మక్రాన్ ప్రకటించాడు, మోనాలిసాకి వేరే గది, తూర్పు వైపు ఇంకో ప్రవేశ ద్వారం, 2031 నాటికి అని. అదే ఏడాది జూన్‌లో జనం తాకిడి భరించలేక సిబ్బంది పని ఆపేశారు, గేటు బయట జనం గంటలకొద్దీ నిలబడ్డారు.

సీతాఫల్‌మండి:
మోనాలిసాను వేరే గదిల పెట్టి దానికి వేరే టికెట్ గూడ పెడ్తరంట గదా. మంచిగైతది, మిగతాదంత ఖాళీ అయితది. అప్పుడు పోతా మళ్ళ.

కోడ్_కూలీ:
అసలు ఆ బొమ్మకి ఇంత పేరు రావడానికి కూడా దొంగతనమే కారణం కదా? 1911.

రిటైర్డ్_హిస్టరీ:
పేరు అంతకు ముందూ ఉంది, కానీ వీధిలో మనిషికి తెలిసింది అప్పుడే. 1911 ఆగస్టు 21, సోమవారం, మ్యూజియం మూసి ఉన్న రోజు. వించెంజో పెరూజా అనే ఇటలీ పనివాడు, మ్యూజియంలో అద్దాలు బిగించిన వాడే, పటం దించి చొక్కా కింద పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. పోయిందన్న సంగతే మర్నాటికి గానీ తెలియలేదు, ఫోటో తీయడానికి దించారేమో అనుకున్నారట. 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో అమ్మబోయి దొరికాడు. మధ్యలో ఆ ఖాళీ గోడ చూడ్డానికి జనం క్యూ కట్టారు.

నల్లకుంట_నాని:
ఖాళీ గోడకి క్యూ! సరే నేను డిసైడ్ అయ్యా, వెళ్తున్నాం, అక్క చెప్పిన ఆర్డర్‌లోనే, రిషెల్యూ, సుల్లీ, ఓపికుంటే దేనోన్. అర పూట కాదు సాయంత్రం కూడా కలిపి పెడుతున్నా. అమ్మ నడక సంగతి, తిండి సంగతి, ఎవరైనా చెప్పండి. ఏ రోజు మంచిది?

బెజవాడక్క:
మంగళవారం సెలవు, సాలార్‌జంగ్‌కి శుక్రవారం లాగా. బుధ, శుక్రవారాలు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి స్లాట్ తీసుకోండి, ఆరు దాటాక టూర్ బస్సుల వాళ్ళు వెళ్ళిపోతారు, మోనాలిసా గది అప్పుడు చూడండి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో కొనాలి, అక్కడికెళ్ళి కొందామంటే దొరకదు. మెట్రో ఒకటో లైనులో పలే రొయాల్ స్టేషన్ దిగితే నేల కింద నుంచే దారి. సమాచార కౌంటర్ దగ్గర వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు, ఐడీ కార్డు పెట్టుకుంటారు, అమ్మగారు వద్దన్నా తీసుకోండి, కూర్చోకపోయినా తోసుకుంటూ నడిస్తే ఊతగా ఉంటుంది. లిఫ్టులు ఉన్నాయి కానీ వెతుక్కోవాలి, అక్కడున్న సిబ్బందిని అడిగేయండి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. జేబుదొంగలు జాగ్రత్త, 2013లో వాళ్ళ బాధ పడలేక మ్యూజియం సిబ్బందే ఒకరోజు పని మానేశారు, అంత ఉంది. పాస్‌పోర్టు హోటల్లో పెట్టి కాపీ పట్టుకెళ్ళండి, వీల్‌చైర్‌కి ఆధార్ చూపిస్తే ఊరుకుంటారో లేదో, డ్రైవింగ్ లైసెన్స్ పెట్టుకోండి. భోజనానికి గార్ దు నోర్ వెనక లా షపెల్ వీధుల్లోకి వెళ్తే శ్రీలంక తమిళుల హోటళ్ళు వరసగా ఉంటాయి, ఇడ్లీ దోసె అన్నం సాంబారు అన్నీ.

పల్నాటి_పులి:
గోంగూర పచ్చడి సీసా పెట్టుకోండి, చెక్-ఇన్ బ్యాగులో, చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. అపోలో గ్యాలరీ తెరిచి ఉంటే రీజెంట్ ముందు నా పేరు చెప్పి ఒక దండం.

నల్లకుంట_నాని:
తప్పకుండా అన్నా. పాతబస్తీ అన్నా, వెళ్ళే లోపు ఆ దివాన్ దేవ్‌డి గేటు కూడా అమ్మకి చూపించాలనుంది. ఎటు నుంచి రావాలి?

పాతబస్తీ_పోరడు:
నయాపూల్ దాటి చార్మినార్ దిక్కు వస్తుంటె మదీనా అయినంక అడుగు, ఎవలైనా చెప్తరు. శుక్రవారం నమాజ్ టైంకు రాకుండ్రి, పండ్గ సీజన్‌ల అసలే రాకుండ్రి. పొద్దుగాల దుకాండ్లు తెరవక ముందు, ఎనిమిది లోపు రండ్రి, బండ్లు అడ్డం ఉండయి, కమాను పైదాక కనబడ్తది. అమ్మను దారుల్‌షిఫా దిక్కు ఆటోల తీసుకరా, ఈ పక్క రోడ్డు తవ్వి పెట్టిన్రు.